మాస్టారి ఎడమచెయ్యి

మాస్టారు పోయారు. వైశాఖం వెళ్లకముందే, ఎండ నడినెత్తికి రాకముందే, మంచం మీద పక్కకు తిరిగి పడుకున్నవారు పడుకున్నట్టే పోయారు. ఈ సంచిక చదివే మీ అందరికీ ఆ కబురు ఫోన్లలో ముందే అంది ఉంటుంది. అందని సంగతి ఒకటుంది. పదిమందిలో నన్నూ నా ఎద్దులనూ అన్న మాటను వెనక్కి తీసుకోకుండానే ఆయన పోయారు. ఏళ్ల తరబడి ఆ మాట నా అరికాలిలో తుమ్మముల్లు మాదిరి ఉంది. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నేను తిట్టడం లేదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. మా ఊరు నకరికల్లు అవతల. మూడో తరగతిలో బడి మానేసి ఎద్దుల వెంట పడ్డాను. గిత్తలను పెంచి బండలాగుడు పందేలకు తోలడమే నా బతుకు. కొండవీటి పక్కనుంచి మాచర్ల దాకా పందెం జరిగిన తిరునాళ్లన్నిటిలో జనం నా గొంతు విన్నారు. గొంతు అని ఎందుకన్నానంటే, నేను చెర్నాకోల ఎత్తను. నోటితోనే తోలతాను. పల్నాట్లో అట్లా తోలేవాణ్ణి నేనొక్కణ్ణే. ఇది ఇంకొకరు చెప్పేదాకా ఆగను, నేనే చెప్పుకుంటాను.

మాస్టారి దగ్గర చదువుకున్నవాళ్లు ఆయన జ్ఞాపకంగా సంచిక వేస్తున్నామని, నాలుగు ముక్కలు రాయమని మా ఇంటికొచ్చారు. ఇంతమంది చదువుకున్నవాళ్లుండగా నన్నెందుకు అడిగారో నాకు తెలుసు. ఆఖరి నెలల్లో ఆయన అందరికంటే ఎక్కువ మాట్లాడింది నాతోనే. నా రాత కోడి గీకినట్టుంటుంది. మా కోడలు దిద్దుతానంది. తప్పులు దిద్దుకో, మాటలు ముట్టుకోవద్దన్నాను.

మాస్టారు మా ఊరి హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. రిటైరయ్యాక కూడా ఊరు విడవకుండా మా ఇంటి పక్కనే ఉండిపోయారు. చుట్టరికం ఏమీ లేదు. అయినా తొలిరోజే నన్ను బావా అన్నారు. నేను మాత్రం మాస్టారూ అనే పిలిచేవాణ్ణి. ఆయన భార్య నాకు చెల్లెమ్మ అయింది.

ఆయనకొక పిచ్చి ఉండేది. మనిషికి మాట ఎట్లా వచ్చింది? అదీ ఆ పిచ్చి. పెళ్లి పంక్తిలో, బస్సులో, చేలగట్టు మీద, ఎక్కడ మనిషి దొరికితే అక్కడ అదే ఎత్తేవారు. "కోతికి అరుపుంది బావా, మనకు మాటుంది. మధ్యలో ఏం జరిగిందో చూసినవాడు లేడు. ఎముకలు దొరుకుతయ్. రాతి గొడ్డళ్లు దొరుకుతయ్. మాట దొరకదు. మాటకు ఎముక లేదు గదా!" అనేవారు. అంటూ అంటూ లేచి నిలబడేవారు. లేచినవారు అట్లాగే ఇంటిదారి పట్టేవారు, చెప్పులు మా అరుగు కింద వదిలేసి. హుషారొస్తే ఆయనకు చెప్పులు గుర్తుండవు. తర్వాత చెల్లెమ్మ వచ్చి వాటిని వెతుక్కునేది.

"అన్నయ్యా, ఈయన చెప్పులిక్కడున్నయ్యా? ఇవాళ ఏం కనిపెట్టాడంట?"

"ఏందోనమ్మా, కోతుల గోల," అనేవాణ్ణి నేను.

అయితే ఆ కోతుల గోలలోకి నన్ను లాగింది నా ఎద్దే. ఒకసారి ఏటి అవతల, తెలంగాణ వైపు సంతలో ఒక గిత్తను కొన్నాను. ఇంటికి తెచ్చి పగ్గం పట్టుకుని హో అన్నాను. హో అంటే ఆగాలి. మా ప్రాంతంలో పుట్టిన దూడకు కూడా ఆ సంగతి తెలుసు. అది ఆగలేదు సరిగదా, నన్ను కాలువ దాకా ఈడ్చుకుపోయింది. ఒళ్లంతా బురదతో ఇంటికొచ్చి, అమ్మినవాడికి ఫోన్ చేసి తిట్టాను. వాడు నవ్వి, మా దగ్గర హో అనమయ్యా, నాలుకతో టక్కుమని కొడతాం, అప్పుడు ఆగుతదన్నాడు. టక్కుమన్నాను. స్తంభం మాదిరి ఆగింది.

ఈ ముక్క మాస్టారికి చెప్పానో లేదో, ఆయన గంతేశారు. "అదీ! హో అనే చప్పుడులో ఆగటం ఎక్కడుంది బావా? పిసరంత గూడా లేదు! నువ్వూ నీ ఎద్దూ ఒప్పుకున్నారు, అంతే. అవతలోళ్లు ఇంకోటి ఒప్పుకున్నారు. మాటంటే అదే, ఒప్పందం! నిప్పుకూ నిప్పు అనే చప్పుడుకూ ఏంది సంబంధం? నిప్పంటే నోరు కాలుద్దా?" ఆరోజు కూడా చెప్పులు మా ఇంట్లోనే ఉండిపోయాయి. చెప్పొద్దూ, నాకూ ఒళ్లు జిల్లుమంది. బతుకంతా హో అంటూ వచ్చాను గానీ, ఆ హోలో ఏముందో ఒక్కనాడూ విప్పి చూడలేదు.

ఆ హుషారు నాకు ఎక్కువకాలం నిలవలేదు. ఆ తర్వాత వచ్చిన తిరునాళ్లలో నా జత మొదటి బహుమతి కొట్టింది. కాడికి ఎడమపక్క, అంటే దాపల, ఎర్రోడు. కుడిపక్క, వెలపల, తెల్లోడు. ఊళ్లోకి వస్తూనే టీకొట్టు బల్ల మీద కూర్చున్నాను. జనం చుట్టూ మూగారు.

"మా గిత్తలకు తెలుగొచ్చు," అన్నాను. "ఆగమంటే ఆగుతయ్, నడమంటే నడుస్తయ్, తిరగమంటే తిరుగుతయ్. మాస్టారి బడి పిల్లలకు గూడా చెప్పింది ఇంత బాగా ఎక్కదు."

మాస్టారు టీగ్లాసు కింద పెట్టారు. "నీ ఎద్దులకు మాటలొచ్చు బావా, ఒప్పుకుంటా. మాటకు మాట ముడెయ్యటం రాదు. ముడి రానిదాన్ని భాష అనరు."

"అంటే నా ఎద్దులు మొద్దులంటారా?"

"మొద్దులనలా. ఎద్దులన్నా."

జనం పగలబడి నవ్వారు. బహుమతి కొట్టిన రోజున, మెడలో దండ ఇంకా వాడకముందే! ఇదీ నా ముల్లు.

తెల్లారేసరికి ఆయన ఇంటి ముందుకెళ్లి రుజువు చూపించమన్నాను. చూపిస్తా పదమన్నారు. చేలోకి వెళ్లాం, వెనక ఊరు ఊరంతా. ఆయన పెట్టిన పరీక్ష ఇది. కొత్త మాట ఒక్కటీ చెప్పకూడదు. ఎద్దులకు వచ్చిన మాటలనే, ఇంతకుముందు ఎన్నడూ కలపని తీరులో కలిపి చెప్పాలి. నా గిత్తలకు వాటి పేర్లు తెలుసు. ఆగు తెలుసు, నడు తెలుసు. ఇంకేం కావాలి? గొంతు సవరించుకుని, "తెల్లోడా ఆగు, ఎర్రోడా నడు," అన్నాను.

రెండూ ఆగాయి. తర్వాత రెండూ నడిచాయి.

గట్టు మీద ఈలలు. నాకు మండింది. "కాడి కింద ఒకటి ఆగి ఒకటి ఎట్టా నడుస్తదయ్యా? మీ సైన్సులో కాడి లేదా ఏంది?"

మాస్టారు కాడి వంక చూశారు. "న్యాయం. నేనే తప్పు పెట్టా. కాడి విప్పు," అన్నారు. తన తప్పును అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని నేను వేరే చూడలేదు. అందుకే, టీకొట్టు దగ్గర అన్న మాటను మాత్రం తప్పని ఎందుకు ఒప్పుకోలేదా అని నా బాధ.

కాడి విప్పాను. మళ్లీ చెప్పాను, తిప్పి చెప్పాను, గొంతు బొంగురుపోయేదాకా చెప్పాను. ఎర్రోడు తోక ఎత్తి తన పని తాను కానిచ్చాడు. తెల్లోడు వచ్చి నా నడుం దగ్గర బెల్లంముక్క కోసం వాసన చూశాడు.

అప్పుడు మా మనవరాలు కోడలి చంకలో ఉంది. మాటలు అప్పుడప్పుడే వస్తున్న పిల్ల. చేతిలో గుడ్డబొమ్మ. మాస్టారు దాని ఎదురుగా గొంతుకూర్చున్నారు. "అమ్మలూ, ఎద్దుకు ముద్దు పెట్టు, బొమ్మకు గడ్డి పెట్టు," అన్నారు. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్లకు అటువంటి పని ఎవరూ చెప్పి ఉండరు. బొమ్మకు గడ్డి ఎవరు పెడతారు? పిల్ల కిందికి దిగింది. తల్లి చెయ్యి పట్టుకుని పోయి ఎర్రోడి ముట్టె మీద ముద్దు పెట్టింది. వంగి గడ్డిపోచ తీసి బొమ్మ మూతికి అద్దింది.

"ఇప్పుడు బొమ్మకు ముద్దు, ఎద్దుకు గడ్డి!"

అదీ చేసింది.

మాస్టారు గట్టు మీద నిజంగా చిందులు తొక్కారు. "అవే మాటలు బావా! ముడి మారింది, పని మారింది! ఎవరు నేర్పారు? నువ్వు నేర్పలా, నేను నేర్పలా. ఎన్ని వేల తరాలు పట్టిందో మనిషికి ఈ ముడి పడేసరికి. ఈ పిల్ల రెండేళ్లకే వేసింది చూడు!" అని మట్టి చేలో చెప్పులు వదిలేసి, పల్లేరుకాయలు తొక్కుకుంటూ ఇంటికి పోయారు.

నా ఎద్దులు ఓడిపోయిన చోటే నా మనవరాలు గెలిచింది. ఇక నేనెటు కోప్పడాలి? అయినా ఊరుకోలేదు. సాయంత్రం చెప్పులు పట్టుకుని నేనే వాళ్లింటికెళ్లాను.

"సరే, ముడి రాదు. పందెంలో నేను నోరు తెరవకముందే, నా మనసులో అనుకోగానే తిరుగుతయ్యే, దాన్నేమంటారు?"

ఆయన నా చేతిలోంచి చెప్పులు అందుకున్నారు. "దాని మీద నేనింకా ఆలోచించాలి బావా," అన్నారు.

అది మొదలు, కనబడ్డప్పుడల్లా ఆలోచించారా మాస్టారూ అని అడిగేవాణ్ణి. ఆలోచిస్తన్నా అనేవారు. ఏళ్లు గడిచాయి. మనవరాలు హైస్కూలుకొచ్చింది. ఎర్రోడు కాలం చేశాడు. ఆయన ఆలోచిస్తూనే ఉన్నారు.

ఈ లోపల ఆయన చెప్పినవి, నేను వాదించినవి రాస్తే సంచిక చాలదు. ఒకటి రాస్తాను. ఏటి ఒడ్డున ఆయనకు ఒక రాయి దొరికింది. బాదంగింజ ఆకారంలో రెండు పక్కలా చెక్కిన రాయి. నా చేతిలో పెట్టి, "దీన్ని చెక్కినోడు పక్కోడికి చూపించి నేర్పాడా, చెప్పి నేర్పాడా?" అన్నారు. నాకేం తెలుసు? "ముందు ఈ దెబ్బ, తర్వాత ఆ దెబ్బ. వరస తప్పితే రాయి రెండు ముక్కలయిద్ది. చెయ్యి ముందు వరస నేర్చుకుందేమో బావా. ఆ వరసనే నోరు ఎత్తుకుందేమో. మాట నోట్లో పుట్టకముందు చేతిలో పుట్టిందేమో!"

"అన్నిటికీ ఏమో అంటారేంది? తేల్చండి."

"ఏమో అనటం చేతగానోడు సైన్సు చెప్పగూడదు," అన్నారు.

ఆ మాట చేతిలో పుట్టడాన్ని నా కళ్లతో చూస్తానని ఆరోజు నేననుకోలేదు.

పోయిన పత్తితీతలప్పుడు ఆయనకు పక్షవాతం కొట్టింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. దాంతోపాటు మాట పోయింది. నరసరావుపేట డాక్టరు, మెదడులో మాటలు తయారయ్యే చోటే దెబ్బతిన్నదని చెప్పాడంట. మనం చెప్పేది తెలుస్తుంది, తాను చెప్పలేరు. నోరు తెరిస్తే త, త, త అని ఒక్కటే చప్పుడు. అక్షరాల పలక తెచ్చి ముందు పెట్టారు. ఎంతమందికి పాఠాలు చెప్పిన మనిషి, ఆ పలక వంక సంతలో తప్పిపోయిన పిల్లవాడిలా చూశారు.

నేను వెళ్లేసరికి మంచం చుట్టూ చుట్టాలు. అందరూ అరుస్తున్నారు. "నీళ్లు కావాలా? నీళ్లు! దుప్పటి కప్పమంటారా?"

"ఏందమ్మా ఆ అరుపులు? ఆయనకేమన్నా చెవుడా?" అన్నాను. ఎవరూ వినలేదు. అంతలో మాస్టారు ఎడమచేత్తో మంచంకోడు మీద కోపంగా చరిచారు. ఫట్‌మంది. అందరూ టక్కున ఆగిపోయారు.

నాకు డాక్టరీ తెలియదు. కొత్త గిత్తను మచ్చిక చేసుకోవడం తెలుసు. అక్కడ ముందు మనం నోరు మూసుకోవాలి. అది తనంతట తాను చేసే చిన్న కదలికను కనిపెట్టి, దాన్ని పట్టుకోవాలి. ఆ చరుపును నేను పట్టుకున్నాను.

"అదీ మాస్టారూ! ఒకటి కొడితే ఆపాలి. రెండు కొడితే కానివ్వాలి. లారీ క్లీనరు తలుపు మీద కొట్టడా, అట్టా. ఒప్పుకుంటారా?"

ఆయన నా మొహంలోకి చూశారు. ఫట్, ఫట్.

"చూశారా, మీకు హో నేర్పా. ఇప్పుడు మీరూ మా ఎర్రోడూ ఒకటే," అన్నాను. చెల్లెమ్మ నొచ్చుకుని మొహం తిప్పుకుంది. మాస్టారి భుజాలు మాత్రం కదిలాయి. వంకరపోయిన మూతితో నవ్వుతున్నారు. ఫట్, ఫట్, ఫట్, ఫట్.

అక్కణ్ణించి రోజూ పొద్దున చేలోకి పోయి వచ్చి, ఆయన మంచం పక్కన కూర్చునేవాణ్ణి. మొదట్లో నీళ్లు కావాలంటే ఎడమచేత్తో గ్లాసు ఎత్తినట్టు ఎత్తి, తల వెనక్కి వాల్చి, గుటక వేసి చూపేవారు. నన్ను చూపాలంటే తలచుట్టూ చెయ్యి తిప్పేవారు, నా తలగుడ్డ అన్నమాట. చెల్లెమ్మ అంటే మెడ చుట్టూ, పుస్తెలు. ఎద్దంటే రెండువేళ్లు కొమ్ములు. అన్నమంటే ముద్ద కలిపి నోటికి. లేదు అంటే చెయ్యి బోర్లా తిప్పి, ఖాళీ. రానురాను ఆ ఆట అంతా కరిగిపోయింది. నీళ్లంటే బొటనవేలు పెదవికి తాకితే చాలు. నేనంటే నుదుటి మీద ఒక వేలు. చెల్లెమ్మంటే మెడ కింద ఒక వేలు. మాకేమీ తేడా తెలియలేదు. మధ్యలో చెల్లెమ్మ మాచవరంలో అక్కగారింటికి వెళ్లి వచ్చింది. అప్పుడు బయటపడింది. మాస్టారు పెదవి తాకితే ఆమె మూతి తుడిచింది. నుదురు తాకితే జ్వరమేమోనని చెయ్యి పెట్టి చూసింది.

"ఏందన్నయ్యా, ఊరెళ్లొచ్చేసరికి మీ ఇద్దరూ ఏదో భాష పెట్టుకున్నారు! నా ఇంట్లో నేను పరాయిదాన్నయ్యా!"

"పెట్టుకోలేదమ్మా. అరిగింది. బండ్లు తిరిగేకొద్దీ బాట నునుపు తేలదా?"

మాస్టారు మంచం అదిరేట్టు చరిచారు. కళ్లు చిచ్చుబుడ్లు. నాకర్థమైంది. హోలో ఆగటం ఎక్కడుందన్న మాట అది. పెదవిమీది వేలులో నీళ్లెక్కడున్నాయి? బయటివాడికి కనపడవు. మా ఇద్దరికే కనపడతాయి. ఎట్లా కనపడతాయంటే ఒప్పుకున్నాం గనక! చెల్లెమ్మకు అన్నీ నేర్పాం, ఇద్దరి భాష ముగ్గురిదైంది.

అయినా అప్పటిదాకా ఒకసారికి ఒకటే సైగ. నీళ్లు, దుప్పటి, కిటికీ. నా ఎద్దులకు వచ్చినంతే. పైకి అనలేదు గానీ, మనసులో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం చెల్లెమ్మ కంచంలో అన్నం కలిపి తెచ్చింది. నేను అప్పుడే చేలోంచి వచ్చి కూర్చున్నాను. మాస్టారు మెడ కింద వేలు పెట్టారు. తర్వాత నుదుటి మీద. తర్వాత ముద్ద. చెల్లెమ్మ, బావ, అన్నం. ఆమె ఆయనకు ముద్ద పెట్టబోయింది. ఫట్! ఆపమన్నారు. మళ్లీ అవే మూడు. సరే, నేను పెట్టాలేమోనని కంచం అందుకున్నాను. ఫట్! పోనీ చెల్లెమ్మ తినలేదేమోనని కంచం ఆమె వైపు జరిపాను. ఫట్!

"ఏందయ్యా ఈయన, అన్నమూ వద్దు, ఊరుకోడూ!" అంది ఆమె.

ఆయన కళ్లు మూసుకుని తెరిచారు. ఈసారి తిప్పారు. ముందు నుదురు, తర్వాత మెడ, తర్వాత ముద్ద. బావ, చెల్లెమ్మ, అన్నం. చూపించి, తానే ఒకటి చరిచారు. ఇది కాదు. మళ్లీ మొదటి వరస. చెల్లెమ్మ, బావ, అన్నం. రెండు చరిచారు. ఇదీ.

ఎద్దుకు ముద్దు, బొమ్మకు గడ్డి! అవే మాటలు, ముడి మారింది! ముందొచ్చింది చేసేవాళ్లు. తర్వాతొచ్చింది ఎవరికి చెయ్యాలో వాళ్లు.

"చెల్లెమ్మా, నువ్వు నాకు అన్నం పెట్టాలంట! నేను పొద్దున్నించీ తినలేదని కనిపెట్టి చెప్తన్నాడు! ముడి, మాస్టారూ, ముడి పడింది!"

నా కేకకు రోడ్డు మీద పోయేవాళ్లు లోపలికొచ్చారు. మాస్టారు రెండు, రెండు, రెండు చరుస్తూనే ఉన్నారు. ఆమె ఏడుస్తూ నవ్వుతూ నాకు కంచం పెట్టింది. ఇంతలో ఆయన ఎడమచెయ్యి మంచం కిందికి వేలాడేసి ఏదో వెతికారు. చెప్పులు! పక్షవాతం వచ్చినప్పటినుంచి అక్కడే ఉన్నాయి. తొడగమన్నారు. తొడిగాం. ఎడమకాలు విదిలించి ఆ చెప్పును గదిలో అంతదూరం విసిరేశారు. వంకరమూతితో నా వంక చూశారు. హుషారొస్తే ఆ మనిషికి చెప్పులు నిలవవు. ఆ సంగతి కూడా ఆయన మాట లేకుండానే చెప్పారు. గోంగూరపచ్చడి, నెయ్యి వేసి పెట్టిన అట్లాంటి అన్నం నేను ఏ పెళ్లిలోనూ తినలేదు.

ఆ రోజునుంచి ఆయనకు అడ్డం లేదు. ఒకదానికొకటి కట్టి మాట్లాడేవారు. ఒకనాడు రెండువేళ్ల కొమ్ములు చూపి, దుప్పటి ఎర్రంచు తాకి, చెయ్యి బోర్లా తిప్పారు. ఎర్రోడు లేడు. నేను కదిలిపోయాను. ఎర్రోడు పోయాక తెల్లోడు చానాకాలం దాపలకు తల తిప్పి చూసేవాడు. ఖాళీ గాడిని వాసన చూసేవాడు. వాడికి తెలుసు. కానీ లేడు అని నాకు చెప్పలేకపోయాడు. మాట పోయిన మాస్టారు, వేళ్లతో చెప్పారు. ఎదురుగా లేనిదాన్ని మంచం మీదికి తెచ్చి ఇద్దరం దాన్ని తలుచుకున్నాం. ఆరోజు నేను మనసులోనే ఒప్పుకున్నాను, టీకొట్టు దగ్గర ఆయన అన్నది నిజమేనని. పైకి ఒప్పుకోలేదు. మనసులో అనుకోగానే ఎద్దు తిరగడం గురించి నేనడిగినదానికి జవాబు చెబితే ఒప్పుకుందామని ఆగాను.

పోయే ముందురోజు మధ్యాహ్నం, మామూలుగానే వచ్చి కూర్చుని, మామూలుగానే అడిగాను. "ఆలోచించారా మాస్టారూ?"

ఆయన రెండు చరిచారు. ఆలోచించానని!

నా చెయ్యి లాక్కున్నారు. అరచెయ్యి విప్పారు. బొటనవేలితో అందులో నిదానంగా ఒక సున్నా చుట్టారు. సరిగ్గా నడిమధ్యన బొటనవేలు పెట్టి అదిమారు. అంతవరకూ మాలో లేని సైగ. కొత్తది.

"రూపాయా?" ఫట్. "బండిచక్రమా? సూర్యుడా? బొట్టా?" ఫట్. ఫట్. ఫట్. చెల్లెమ్మ వచ్చి గింజా అంది, కన్నా అంది. కాదు. ఆయనకు కోపం రాలేదు. అలసట కూడా లేదు. కొత్త పాఠం మొదలుపెట్టిన మొదటిరోజు మాస్టారికి ఎంత ఓపిక ఉంటుందో అంత ఓపికగా మళ్లీ చుట్టారు, మళ్లీ అదిమారు. చివరికి నా వేళ్లు ఒక్కొక్కటే మూసి, గుప్పిట చేసి, ఆ గుప్పిట మీద రెండు తట్టారు. కానివ్వు అని. రేపు తేలుద్దాం మాస్టారూ అని లేచాను.

తెల్లవారి ఆయన లేరు.

అందరూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను. కానీ నిజం రాస్తాను, నాకు ఏడుపు కంటే ఉబలాటం ఎక్కువగా ఉంది. నా గుప్పిట్లో ఒక మాట పెట్టి పోయాడు ఆ మనిషి! పాడె వెంట నడుస్తూ కూడా నేను అరచెయ్యి విప్పి చూసుకుంటున్నాను. అది నా ప్రశ్నకు జవాబే అయి ఉండాలి. నేనడిగాక గదా గీశారు! నోరు తెరవకముందే ఎద్దుకు తెలిసేదాన్ని ఏమంటారో, అది ఆ సున్నాలో ఉంది.

చెల్లెమ్మ ఓదార్చబోయింది. "మీకెట్టా తోస్తే అట్టా అనుకోండన్నయ్యా. ఆయనేమన్నా వచ్చి కాదంటాడా?"

అనుకోవచ్చు. బావా నువ్వే గెలిచావు అని దానికి అర్థం పెట్టుకోవచ్చు. కాదనేవాడు లేడు. అదే చిక్కు. కాదనేవాడు లేనప్పుడు అది మాట కాదు. మాటంటే ఒప్పందమని ఆయనే చెప్పారు, ఒప్పందానికి ఇద్దరు కావాలి. బతుకంతా పందెం గెలిచి తెచ్చుకున్నవాణ్ణి, ఎదుటివాడు లేనప్పుడు గెలుపు ఎత్తుకుపోను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన దగ్గర చదివిన మీరు ఎన్ని బ్యాచీలో! ఎవరికో ఒకరికి తెలిసి ఉంటుంది. మాస్టారు ఎప్పుడన్నా నల్లబల్ల మీద సున్నా చుట్టి, నడుమ చుక్క పెట్టారా? పెట్టి ఏమన్నారు? మీ అరచేతిలో ఎప్పుడన్నా బొటనవేలితో అట్లా అదిమారా? ఎందుకు అదిమారు? లెక్చర్లు, దండలు నాకొద్దు. నాకు జవాబు కావాలి.

ఏరువాక పున్నమి దాకా చూస్తాను. ఆరోజు పొద్దున్నే మా ముసలి తెల్లోణ్ణి కడిగి, కొమ్ములకు రంగు వేసి, మాస్టారి ఇంటి ముందు కడతాను. ఆ అరుగు మీద అరచెయ్యి చాపి కూర్చుంటాను. తెలిసినవాళ్లు రండి, నోటితో చెప్పొద్దు, నా చేతిలో గీసి చూపించండి. నేను ఒకటి చరుస్తానో రెండు చరుస్తానో చూడండి. అరుగు కింద ఆయన చెప్పులు ఉంటాయి, చెల్లెమ్మే గదిలోంచి తెచ్చి అక్కడ పెట్టింది. మీవి కూడా వాటి పక్కనే విడవండి. ఏరువాక పున్నమి, పొద్దుగూకే లోపు.